అనంతపురంలో ఉండి సీరియల్స్, వెబ్ సిరీస్ రాయాలనుకునేవాళ్లు ఏ ఈవెంట్లకి వెళ్లాలి?

బోరుబండి_కథ:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. సప్తగిరి సర్కిల్ దగ్గర డీటీపీ సెంటర్లో పని చేస్తున్నాను. పగలంతా వేరేవాళ్ల అర్జీలు, ప్రాజెక్టు రిపోర్టులు టైప్ చేస్తాను, రాత్రిళ్లు నా కథ రాసుకుంటాను. బోరుబండి మీద పనిచేసే కూలీలు, అప్పు చేసి మళ్లీ బోరు వేయిస్తున్న ఒక చీనీతోట (బత్తాయి తోట) రైతు భార్య, వీళ్ల మధ్య నడిచే కథ. ఆరు ఎపిసోడ్ల వెబ్ సిరీస్‌గా రాశాను. డైలీ సీరియల్‌కి మాటలు రాసే అవకాశం వచ్చినా సంతోషంగా చేస్తాను.

హైదరాబాద్‌లో రెండు రోజుల స్క్రీన్‌రైటింగ్ వర్క్‌షాప్ ఉందని ఇన్‌స్టాలో చూశాను. ఫీజు, చార్జీలు, రూము అన్నీ కలిపితే నా నెల జీతంలో సగం పైనే పోతుంది. అంత పెట్టొచ్చా? అక్కడ నాకు ఎవరూ తెలీదు. కొత్తవాళ్ల ముందు గొంతు పెగలదు. స్క్రిప్ట్ ప్రింట్ పట్టుకెళ్లాలా? కథ చెప్తే ఎవరైనా కొట్టేస్తారేమోనని కూడా టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

హైవే44:

వర్క్‌షాపులన్నీ డబ్బు దండగ అక్కా. రాయడం ఒకరు నేర్పిస్తే వచ్చేది కాదు. హైదరాబాద్‌లో సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో రూము తీసుకుని సినిమా ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే. అందరూ అట్లనే పైకొచ్చినారు.

మాటల_మేస్త్రి:

మాది ప్రొద్దుటూరు. హైదరాబాద్‌లో చాలా ఏళ్లు డైలీ సీరియల్స్‌కి మాటలు రాశాను, ఇప్పుడు ఇంటి నుంచే రాస్తున్నాను. తమ్ముడు చెప్పినట్టు తిరిగి పైకొచ్చినవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ తిరిగి తిరిగి చేతిలో డబ్బులు, ఒంట్లో ఓపిక అయిపోయి ఊరికి వెళ్లిపోయినవాళ్లను నేను ఎక్కువ చూశాను. వాళ్లలో బాగా రాసేవాళ్లూ ఉన్నారు. ఉద్యోగం వదలొద్దమ్మా. ఉద్యోగం చేసుకుంటూ వెళ్లిరాగలిగేవి ఈవెంట్లే, అందుకే వాటిని సరిగ్గా ఎంచుకోవాలి.

ఆ వర్క్‌షాప్ వాళ్లకి డబ్బు కట్టే ముందు ఫోన్ చెయ్యి. చెప్పేవాళ్లు ఏం రాశారు, ఎంతమందిని కూర్చోబెడతారు, మనం రాసిన పేజీలు చదివి చెప్తారా అని అడుగు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. పేజీలు చదవకుండా రెండు రోజులు ఉపన్యాసాలే ఇస్తామంటే ఆ డబ్బు దాచుకో. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ పెట్టే సదస్సుల వీడియోలు యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతాయి. ఎక్కువ హిందీ, ఇంగ్లిష్‌లో ఉంటాయి, అయినా కాంట్రాక్టులో ఏం చూసుకోవాలో, రైటర్స్ రూమ్ (కొందరు రచయితలు కలిసి కూర్చుని సిరీస్ రాసే పద్ధతి) ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే నేనైతే గోవాకి పొమ్మంటాను. భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం, అదే ఇఫీ, 2004 నుంచి అక్కడే జరుగుతోంది, మామూలుగా నవంబర్‌లో. డెలిగేట్‌గా ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే పగలంతా సినిమాలు చూడొచ్చు, మాస్టర్‌క్లాసులకి వెళ్లొచ్చు. ఇఫీ జరిగే రోజుల్లోనే ఎన్‌ఎఫ్‌డీసీ (కేంద్ర ప్రభుత్వ సినిమా అభివృద్ధి సంస్థ) వాళ్ల ఫిల్మ్ బజార్, అంటే సినిమా ప్రాజెక్టులకి నిర్మాతల్ని, కొనేవాళ్లని వెతుక్కునే మార్కెట్ ఉంటుంది, 2007లో మొదలైంది. దానికి రిజిస్ట్రేషన్ వేరు, ఖర్చూ చాలా ఎక్కువ, మొదటిసారే వద్దు. ఎన్‌ఎఫ్‌డీసీ స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్ మాత్రం గుర్తుపెట్టుకో. అప్లై చేసి ఎంపికైతే అనుభవమున్నవాళ్లు మన స్క్రిప్ట్ ముందేసుకుని కూర్చుంటారు. అది సినిమా స్క్రిప్ట్‌లకి, కాబట్టి నీ కథని రెండు గంటలకు కుదించగలవేమో ఆలోచించు. గుంతకల్లులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా వాస్కో. మన సీమ వాళ్లకి గోవా అనుకున్నంత దూరం కాదు.

అనంతపురం నుంచి హైదరాబాద్ కంటే బెంగళూరే దగ్గర. అక్కడి అంతర్జాతీయ చిత్రోత్సవంలో రచయితలు, దర్శకులు మాట్లాడే సెషన్లు ఉంటాయి. బనశంకరిలో సుచిత్ర ఫిల్మ్ సొసైటీ 1971 నుంచి ఉంది. భాష కన్నడమైనా అక్కడ పరిచయమయ్యేవాళ్లు మనలాంటి రాతగాళ్లే.

ఇక మాట్లాడే సంగతి. పెద్ద డైరెక్టర్ చేతిలో స్క్రిప్ట్ పెట్టాలని వెళ్లకు. ఆయన చుట్టూ అప్పటికే అదే పని మీద చాలామంది ఉంటారు. పక్క కుర్చీలో కూర్చున్న అసిస్టెంట్ డైరెక్టర్‌తో, టీ దగ్గర నిలబడ్డ ఎడిటర్‌తో, చానల్ క్రియేటివ్ టీమ్‌లో చిన్న ఉద్యోగం చేసే అమ్మాయితో మాట్లాడు. నాకు మొదటి సీరియల్ ఇప్పించింది ఏ పెద్దాయనా కాదు. ఒక సెమినార్‌లో నా పక్కన కూర్చున్న అసోసియేట్ డైరెక్టర్. చాలా కాలం తర్వాత వాళ్ల రైటర్ మధ్యలో మానేస్తే నా నంబర్ వెతికి ఫోన్ చేశాడు. గొంతు పెగలకపోతే నీ గురించి చెప్పడంతో మొదలుపెట్టకు. ‘మీరు ఇప్పుడు దేని మీద పని చేస్తున్నారు?’ అని అడుగు. అక్కడ ప్రతివాళ్లకీ ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడిగితే బాగుండనే ఉంటుంది. వాళ్లు చెప్పింది విను, ఆ రాత్రే నోట్‌బుక్‌లో రాసుకో, రెండు రోజుల్లో ఒక్క మెసేజ్ పెట్టు. రోజూ గుడ్ మార్నింగులు వద్దు.

టీవీ లెక్క వేరు. సీరియల్ వాళ్లు కొత్తవాళ్ల దగ్గర కథ కొనడం అరుదు, వాళ్లకి కావాల్సింది రోజూ సీన్లు ఇవ్వగలిగే మనిషి. అరగంట స్లాట్‌లో యాడ్స్ పోను ఇరవై నిమిషాల పైచిలుకు ఎపిసోడ్. కథ ఒకరు, స్క్రీన్‌ప్లే ఒకరు, మాటలు ఇంకొకరు. గురువారం రేటింగులు వస్తాయి, అవి పడిపోతే రాసి పెట్టుకున్న ట్రాకంతా పక్కకు పోతుంది. అందుకే ఆరు ఎపిసోడ్ల ఫైలు కాదు, రెండు సీన్లు పట్టుకెళ్లు. పేజీకి ఎడమవైపు యాక్షన్, కుడివైపు డైలాగ్, మన దగ్గర చాలామంది అలవాటుపడింది దానికే. నీకు తెలుగు టైపింగ్ చేతిలో పని, అది తక్కువ సంగతేం కాదు.

ఇంకొకటి, ఆడపిల్లవని చెప్తున్నాను. కథా చర్చలు పగలు ఆఫీసులో జరుగుతాయి. రాత్రి హోటల్ రూములో కథ వింటాననేవాడికి నీ కథ అవసరం లేదు. మొహమాటం లేకుండా వద్దని చెప్పు.

కడప_వకీలు:

కథ కొట్టేస్తారన్న భయానికి జవాబు ఇస్తాను. 1957 కాపీరైట్ చట్టం ఊహని కాపాడదు, రాసిన రూపాన్ని కాపాడుతుంది. ఒక నాటకం ఆధారంగా సినిమా తీశారని వచ్చిన కేసులో సుప్రీం కోర్టు 1978లో ఇదే తేల్చింది. అంటే ‘బోరుబండి కూలీల కథ’ అనే ఆలోచన ఎవరైనా వాడుకోవచ్చు, మీ పాత్రలు, సీన్లు, మాటలు ఎత్తుకెళ్లకూడదు. కాబట్టి నోటితో చెప్పే ముందు పూర్తిగా రాసి తేదీతో పెట్టుకోండి. రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ అనేది సాక్ష్యం కోసం. కాపీరైట్ ఆఫీసులో సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకుంటే అక్కడా స్క్రిప్ట్ ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవచ్చు.

కర్నూలు_రంగస్థలం:

అమ్మా, ఊళ్లో ఉన్నదాన్ని వదలొద్దు. మీకు లలితకళా పరిషత్ ఉంది, మాకు టీజీవీ కళాక్షేత్రం ఉంది. నాటకం ఉన్నప్పుడు వెళ్లి స్టేజీ వైపు కాకుండా జనం వైపు చూడండి. ఎక్కడ సెల్‌ఫోన్ తీస్తున్నారు, ఎక్కడ కదలకుండా ఉన్నారు. సీన్ ఎంతసేపు నిలబడుతుందో అక్కడ తెలిసినంతగా ఏ క్లాసులోనూ తెలీదు. నాటకం అయ్యాక లోపలికెళ్లి నటుల్ని పలకరించండి, మా వాళ్లు భోజనం పెట్టి మరీ మాట్లాడతారు.

బోరుబండి_కథ:

అందరికీ థ్యాంక్స్. ఆ వర్క్‌షాప్ వాళ్లకి ఫోన్ చేశాను. పేజీలు చదవడం లేదట, నూటయాభై మంది వస్తారట. మానేశాను. మేస్త్రి అన్నా, ఎవరైనా కథ అడిగితే ఇలా చెప్దామనుకుంటున్నా, చూడండి: ‘అనంతపురం జిల్లాలో నీళ్ల కోసం రైతులు పడే కష్టాలు, బోరుబండి కూలీల జీవితం, వాళ్ల మధ్య అనుబంధం.’

మాటల_మేస్త్రి:

ఇది విషయం, ఇంకా కథ కాలేదు. విన్నవాడు ‘అవును పాపం’ అని తలూపి వెళ్లిపోతాడు. ఎవరికి ఏం కావాలి, ఏది అడ్డం పడింది అన్నది వినపడాలి. ఇలా చెప్పి చూడు: ‘ఎండిపోతున్న చీనీతోట కోసం ఒకావిడ పుస్తెలు తాకట్టు పెట్టి మూడో బోరు వేయిస్తోంది. ఆరొందల అడుగులు దిగినా దుమ్మే వస్తోంది. ఇక్కడ నీళ్లు పడవని బండి మీద పిల్లోడికి తెలిసిపోయింది. కానీ అడుగుకింత అని డబ్బులు తీసుకునే ఓనరు ఇంకా దించమంటున్నాడు. పిల్లోడు నోరు విప్పితే పని పోతుంది.’ ఇక్కడ ఆపు. తర్వాత ఏమైందని వాళ్లు అడిగితేనే మిగతాది చెప్పు. అద్దం ముందు కాదు, మీ డీటీపీ సెంటర్‌కి వచ్చేవాళ్లకి చెప్పి చూడు.

బోరుబండి_కథ:

చదివితే నాకే ఒళ్లు జలదరించింది అన్నా. నా దగ్గర ఇదే ఉంది, మూడో ఎపిసోడ్‌లో దాక్కుని ఉంది. సీరియల్ వాళ్లకి చూపించే రెండు సీన్లలో ఈ బోరు సీన్ ఒకటి పెట్టనా?

మాటల_మేస్త్రి:

వెబ్ సిరీస్ వాళ్లకైతే అదే పెట్టు. సీరియల్ వాళ్లకి వద్దు. పొలం, బండి, రాత్రి లైటింగ్ అనగానే ఖర్చు కనపడుతుంది. వాళ్లది ఎక్కువ భాగం ఇంటి సెట్‌లోనే షూటింగ్. పుస్తెలు తాకట్టు పెట్టి వచ్చిన సాయంత్రం ఆమె, అత్త వంటింట్లో ఉన్న సీన్ రాశావా? మెడలో పసుపుతాడే ఉందని అత్త చూసింది, కానీ అడగలేదు, సంగటి గురించే మాట్లాడుతోంది. రాయకపోతే ఈ వారం రాసి ఇక్కడ పెట్టు, చదువుతాను. మూడు పేజీలు దాటనీయకు.