మేకల దొడ్డి చుట్టూ కయోటీలు: 1,500 డాలర్లలో రాత్రి వేటకు రైఫిల్ సమకూర్చుకోవడం ఎలా?

దొడ్డికాపరి (గ్రాన్‌బరీ, టెక్సాస్):
డాలస్‌లో ఉద్యోగం, గ్రాన్‌బరీ దగ్గర పన్నెండు ఎకరాలు, ఇరవై ఆరు మేకలు. ఈ ఈతలో నాలుగు పిల్లలను కయోటీలు (నక్కను పోలిన అడవి జంతువులు) ఎత్తుకుపోయాయి. నాలుగోదానికి మా అమ్మాయి సీసాతో పాలు పట్టి పెంచింది. కంచె కింద తవ్వుకుని తెల్లవారుజామున వస్తున్నాయి. తుపాకీ, స్కోపు, మిగతావన్నీ కలిపి 1,500 డాలర్లు దాటకూడదు. దేనికి ఖర్చు పెట్టాలి, దేన్ని వదిలేయాలి?

గరికపొలం (శాన్ ఆంజెలో):
రైఫిల్ దగ్గర మిగుల్చుకుని, చూపు కోసం ఖర్చు పెట్టండి. పదేళ్లుగా గొర్రెలు కాస్తున్నాను, నాకు తెలిసింది ఇదే. .223 రెమింగ్టన్ అనే చిన్న తూటా వాడే బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ చేత్తో పిడి లాగే) రైఫిల్ చాలు. సావేజ్ యాక్సిస్, రుగర్ అమెరికన్ రెండూ వాడాను. దొడ్డి దగ్గర దూరాలకు అంతకన్నా ఖరీదైన తుపాకీ అదనంగా చేసేదేమీ లేదు. నా యాక్సిస్‌కు 430 డాలర్లు అయింది. 55 గ్రెయిన్ (గుండు బరువు కొలత) తూటాలలో రెండు మూడు రకాలు ఒక్కో పెట్టె తెచ్చి, మీ గొట్టానికి ఏది నప్పుతుందో కాగితం మీద చూసుకుని, ఆ రకాన్నే ఎక్కువగా కొనుక్కోండి.

మూడుకాళ్ల స్టాండు మాత్రం మరవకండి. చీకట్లో నిలబడి చేతుల మీద కాల్చడం ఆ జంతువుకు అన్యాయం చేయడమే. గాయపడి పొదల్లోకి పోయినదాన్ని తెల్లారేదాకా వెతికిన రాత్రి నాకు ఇంకా గుర్తుంది.

రాత్రిచూపు:
థర్మల్ స్కోపు, డిజిటల్ నైట్ విజన్ ఒకటి కావు. థర్మల్ ఒంటి వేడిని చూస్తుంది, గడ్డి చాటున ఉన్నదాన్ని కూడా కొంత పట్టిస్తుంది. కానీ 384×288 సెన్సర్ ఉన్నది కొంటే మీ డబ్బంతా దానికే పోతుంది. డిజిటల్ దానికి ఇన్‌ఫ్రారెడ్ టార్చి తోడుండాలి. మంచు పడితే ఆ కాంతి తిరిగి స్కోపులోకే కొడుతుంది, ఎదురుగా గడ్డి ఉన్నా అంతే. అయినా మీ డబ్బుకు నేను డిజిటలే చెబుతాను. నాది 500 డాలర్లు. పగలే వంద గజాల దగ్గర కాగితం మీద గురి సరిచేసుకోవచ్చు. థర్మల్‌కైతే కాగితం కనబడదు, చేతులు వెచ్చబరిచే పొట్లం అంటించి కాల్చాలి.

టార్చి కాంతి తరంగం పొడవును బట్టి రెండు రకాలు: 850 నానోమీటర్లది దూరం పోతుంది, కానీ దాని ముఖాన సన్నని ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. 940ది కనబడదు, దూరం తక్కువ. నేను 850తోనే వేటాడుతున్నాను.

తొలకరి:
డబ్బు కన్నా ముందు చట్టం చూసుకోండి. సొంత భూమిలో జీవాల మీద పడే కయోటీని చంపడానికి భూయజమానిని టెక్సాస్ రాష్ట్రం వేట లైసెన్సు అడగదు. కానీ మీరు హెచ్‌1బి మీద ఉంటే సంగతి వేరు. వలసేతర వీసా ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అంటే రాష్ట్రం అడగకపోయినా ఆ లైసెన్సు మీకు కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి వేట శిక్షణ కోర్సు కూడా ఉంది. రాత్రి కూర్చునే ముందు పొరుగువారికి, గేమ్ వార్డెన్‌కు (వేట చట్టాలు చూసే అధికారికి) ఒక ఫోను చేయండి. చీకట్లో తుపాకీ మోత వింటే ఎవరికైనా గుండె ఆగుతుంది.

గరికపొలం:
కుందేలు అరుపు వినిపించే పెట్టెతో రప్పించినా కయోటీ నేరుగా రాదు. చుట్టు తిరిగి, గాలి మన మీదుగా తన వైపు వీచే చోటికి వచ్చి వాసన పడుతుంది. ఆ పెట్టెను గాలి వచ్చే దిక్కున యాభై గజాల దూరంలో ఉంచండి. అది తిరిగి వచ్చే దారి మీ ముందే పడుతుంది.

మెరిసే కళ్లను చూసి మాత్రం ఎన్నడూ కాల్చకండి. కుక్కకూ మెరుస్తాయి, దూడకూ మెరుస్తాయి. ఒళ్లంతా కనబడాలి, వెనక మట్టికట్ట ఉండాలి.

దొడ్డికాపరి:
మూడు వారాల తరువాత రాస్తున్నాను. యాక్సిస్, డిజిటల్ స్కోపు, టార్చి, స్టాండు, తూటాలు కలిపి 1,240 అయింది. నాకు గ్రీన్ కార్డు ఉంది, కోర్సు కూడా పూర్తి చేశాను. మొదటి రాత్రి రెండున్నరకు కంచె దగ్గర రెండు కళ్లు మెరిశాయి. వేలు ట్రిగ్గర్ దాకా పోనివ్వలేదు. నాలుగు నిమిషాలు చూశాను. ఒళ్లు తిప్పింది: పొరుగు దొడ్డిని కాచే తెల్లని గ్రేట్ పిరెనీస్ కుక్క. వాళ్ల పిల్లలు దాని మీదెక్కి ఆడుకుంటారు. గరికపొలం గారూ, మీ మాట లేకపోతే ఏం జరిగేదో తలుచుకుంటే చేతులు ఇప్పటికీ చల్లబడుతున్నాయి.

కయోటీ ఇంకా దొరకలేదు. కంచె కింద తవ్విన చోట రాళ్లు పాతాను. శుక్రవారం గాలి ఉత్తరం నుంచి వీస్తుందంటున్నారు, ఆ రాత్రి మళ్లీ కూర్చుంటాను.