లాడ్జి డేటాబేస్ ఎస్‌ఎస్‌డీకి మార్చాలా, హార్డ్ డిస్కులోనే ఉంచాలా?

లీలామహల్ లాడ్జి:
అన్నా, తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర మా లాడ్జి. బుకింగులు, బిల్లులు అన్నీ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో, 7,200 ఆర్‌పీఎం (నిమిషానికి 7,200 చుట్లు తిరిగే) హార్డ్ డిస్కు మీద. శనివారం రాత్రి కొండ దిగిన జనం గుండ్లతో, లడ్డూ సంచులతో కౌంటర్ ముందు నిలబడి ఉంటారు. గది నంబరు కొడితే డిస్కు కరకరమంటుంది, బిల్లు రాదు. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో రాసుకునే డ్రైవు) వేద్దామంటే ఓనరు "రాసేకొద్దీ అరిగిపోతుందంట గదా" అంటున్నారు.

చిత్తూరు బెల్లం మండీ:
అబద్ధం కాదు సామీ. ఎస్‌ఎస్‌డీలో డేటా ఉండే ఫ్లాష్ సెల్లును ఇన్నిసార్లే చెరిపి రాయొచ్చని లెక్క ఉండాది. ముందు బఫర్ పూల్ (మైఎస్‌క్యూఎల్ డేటాను ర్యామ్‌లో పెట్టుకునే చోటు) చూడు. మామూలుగా వచ్చేది 128 ఎంబీనే. ర్యామ్ ఉంటే పెంచు. లాడ్జి డేటా ఎంతని? చదివేదంతా మెమరీలోంచే వస్తుంది.

తిలక్ రోడ్డు సర్వీస్:
చదవడానికి సరే, రాయడానికో? కమిట్ అయిన ప్రతిసారీ, అంటే ఎంట్రీ ఖాయమైనప్పుడల్లా, లాగ్ (మార్పుల చిట్టా) డిస్కుకు చేరాలి. 7,200 అంటే చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. సగటున సగం చుట్టు ఆగాలి, చదివి రాసే హెడ్ జరిగేదీ కలిపితే 12 దాకా. చెదురుమదురు పనులైతే సెకనుకు ఎనభై చిల్లర, అంతే. ఎస్‌ఎస్‌డీ వేలల్లో చేస్తుంది. అరుగుదలకు భయపడొద్దు: 150 టీబీ రాతలకు హామీ ఉన్న డ్రైవు మీద రోజుకు 20 జీబీ రాసినా 20 ఏళ్లు.

చిత్తూరు బెల్లం మండీ:
నా భయం కరెంటు గురించి. చవక ఎస్‌ఎస్‌డీ వేసినాం. రాసేసినా అని చెప్పింది, నిజానికి లోపలి క్యాష్‌లోనే (తాత్కాలిక మెమరీలోనే) పెట్టుకొనింది. కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. పదకొండు మంది రైతుల తూకాలు పోయినాయి. తెల్లారి వాళ్ల జేబుల్లో నలిగిన చీటీలు అడిగి తీసుకొని మళ్లీ ఎక్కించినాం. ఆ పొద్దు వాళ్ల మొకం చూడలేకపోయినా.

తిలక్ రోడ్డు సర్వీస్:
అది నిజమైన కష్టం. కానీ హార్డ్ డిస్కులోనూ రైట్ క్యాష్ ఉంటుందన్నా, దానికీ ఇదే గతి. పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉన్న ఎస్‌ఎస్‌డీ కొనాలి. కరెంటు పోయినా లోపలి కెపాసిటర్లు క్యాష్‌ను ఫ్లాష్‌లోకి దించేదాకా నిలబెడతాయి. ధర ఎక్కువే, అయినా అక్కడ పొదుపు చేయకండి. పాత డిస్కును బ్యాకప్‌కు ఉంచండి. బ్యాకప్ తీసిన ఎస్‌ఎస్‌డీని మాత్రం బీరువాలో పెట్టి మరిచిపోవద్దు. మామూలు కంప్యూటర్లలో వాడే ఎస్‌ఎస్‌డీ బాగా అరిగాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర డేటాను ఏడాది నిలపాలన్నదే ప్రమాణం. మన మే నెల ఎండల్లో అంత కూడా నమ్మలేం.

లీలామహల్ లాడ్జి:
ఇప్పుడే చూశాను, బఫర్ పూల్ 128 ఎంబీనే ఉంది! 4 జీబీ చేశాను. శనివారం రాత్రి కౌంటర్లో నేనే కూర్చుంటా. అప్పటికీ బిల్లు ఆగితే ఆ కెపాసిటర్ల డ్రైవుకు ఓనరును ఒప్పిస్తా. యూపీఎస్ బ్యాటరీ మాత్రం రేపే మార్పిస్తున్నా.