పెట్టె విప్పుతున్న వీడియో లేకపోతే, విరిగిన బొమ్మకు డబ్బు వాపసు ఇవ్వకూడదా?

చింతగింజ (విజయవాడ)
కొండపల్లి బొమ్మలను ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. హైదరాబాద్‌లో ఒకావిడ దశావతారాల సెట్టు తెప్పించుకున్నారు. పార్సిల్ అందిన మూడో రోజున, దసరా కొలువుకు సర్దుతుంటే వామనుడి గొడుగు విరిగి కనిపించిందట. ఆవిడ పంపిన ఫొటోలు కింద పెట్టాను. వీడియో మాత్రం తీయలేదు. ‘వీడియో లేనిదే వాపసు లేదు’ అని నా పేజీలో రాసే ఉంది. ఒకసారి సడలిస్తే అందరూ అడుగుతారని మా తమ్ముడు అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

జాడీమూత (రాజమహేంద్రవరం)
మీ తమ్ముడి మాటే నాదీ, అమ్మా. నాది పచ్చళ్ల వ్యాపారం. నిరుడు వేసవిలో సీసా పగిలిందని ఒకరు ఫొటో పంపితే మారుమాట లేకుండా డబ్బు పంపాను. పది రోజులకు మరో పేరుతో, మరో ఊరి నుంచి ఇంకో ఫొటో వచ్చింది. అదే గచ్చు, మూలన అదే నీలం చీపురు, నూనె మరక ఆకారం కూడా అదే! ముక్క ముక్కా తుడిచి, ఎండబెట్టి కలిపిన ఆవకాయ అది. బీమా చేయించకపోతే కొరియర్ వారు ఇచ్చేది రసీదులో రాసిన కొద్దిపాటి మొత్తమే. మిగతా నష్టమంతా నా నెత్తినే పడుతుంది. వీడియో అడగడం తప్పంటే ఒప్పుకోను.

తరచూకొంటాను (విశాఖపట్నం)
మా అమ్మకు డెబ్బై ఏళ్లు. ఒక చేత్తో కత్తెర, ఇంకో చేత్తో ఫోను పట్టుకోవడం ఆమె వల్ల కాదు. పైగా వీడియో తీయాలన్న చీటీ పెట్టె లోపల ఉంది. దాన్ని చదవాలంటే ముందు పెట్టె విప్పాలి కదా! నిజంగా పగిలిన వస్తువు చేతిలో పెట్టుకుని, అబద్ధమాడుతున్న మనిషిలా సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. ఆమె ఆ దుకాణంలో మళ్లీ కొనలేదు.

అట్టపెట్టె (సికింద్రాబాద్)
చింతగింజ గారూ, ముందు చట్టం సంగతి. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు 2020 జులైలో వచ్చాయి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోకుండా, డబ్బు వాపసు ఇవ్వకుండా నిరాకరించకూడదని ఇతరుల ఆన్‌లైన్ వేదికల మీద అమ్మేవారికి 6వ నియమం చెబుతోంది. సొంత సైటులో అమ్మేవారికి 7వ నియమం ఉంది. వీడియో ఉంటేనే అన్న మాట వాటిలో ఎక్కడా లేదు. ఆవిడ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేస్తే మీ పేజీలోని ఆ వాక్యం మిమ్మల్ని కాపాడుతుందని నేననుకోను.

ఇక మీ ఫొటో. గొడుగు కాడ అతుకు దగ్గర ఊడలేదు, అతికించే ముద్ద, అదే మక్కు, చెక్కుచెదరలేదు. మధ్యలో బొమ్మ చేసిన పొణికి కర్రే తెగింది. పెట్టె కుడి మూల లోపలికి నొక్కుకుపోయింది, గొడుగు ఉన్నదీ ఆ పక్కనే. కాగితపు ఉండలన్నీ ఎడమవైపే ఉన్నాయి. ఇంతకన్నా వీడియో కొత్తగా చెప్పేదేముంది?

చిన్న పెట్టె ఎందుకు వాడారో నాకు తెలుసు, నేనూ అదే చేశాను. చాలా కొరియర్ సంస్థలు పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, 5000తో భాగించి, వచ్చినదాన్ని కిలోలుగా లెక్కిస్తాయి. అసలు తూకం కన్నా అది ఎక్కువైతే దానికే ఛార్జీ వేస్తాయి. 30×20×20 పెట్టెకు 2.4 కిలోలు, 30×30×30కి 5.4. పొణికి బొమ్మలు తేలిక కాబట్టి మనం ఖాళీ జాగాకే డబ్బు కడుతున్నామని బాధపడి పెట్టెను కుదిస్తాం. అలా మిగుల్చుకున్న డబ్బే గొడుగును విరిచింది.

జాడీమూత
అట్టపెట్టె గారూ, పెట్టె మూల నొక్కుకున్న సంగతి నేను గమనించలేదు. ఈ బేరంలో ఆవిడ మాట నిజమే. కానీ నీలం చీపురు ఫొటో పంపినవారి మాటేమిటి?

అట్టపెట్టె
పాత ఫొటోలన్నీ దాచుకోండి, కొత్తది రాగానే పోల్చి చూడండి. చిరునామా అతికించిన వైపు, పగిలిన సీసా ఒకే ఫొటోలో కనిపించేలా తీయమని అడగండి. ఆ రోజు ఇలా అడిగి ఉంటే మీ రెండో ఫొటో వచ్చేదే కాదు. వీడియో ఉంటే పంపమనండి, తప్పులేదు. లేదన్నవారిని మాత్రం దొంగను చేయకండి.

జాడీమూత
చిరునామా ఫొటో సంగతి బాగుంది, రేపటి నుంచే అడుగుతాను. వెయ్యి రూపాయలు దాటిన బేరాలకు మాత్రం వీడియో అడగడం మానలేను.

చింతగింజ
ఆవిడతో ఇప్పుడే మాట్లాడాను. డబ్బు వద్దు, కొలువులోకి వామనుడు ఉంటే చాలన్నారు. కొత్త బొమ్మ రేపు బయలుదేరుతుంది, ఈసారి 30×30×30 పెట్టెలో. పేజీలో ఆ వాక్యం తీసేశాను. తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు.