అప్‌డేట్: స్విచ్‌ఓవర్‌లో ఓఆర్ఏ-12514, పరిష్కారమైంది

నా ముందు పోస్ట్‌కి జవాబిచ్చి సాయం చేసిన అందరికీ థాంక్స్. నా సమస్య ఇదీ: ఒరాకిల్ 19సీ డేటాబేస్, దాని నకలును (స్టాండ్‌బై) సిద్ధంగా ఉంచే డేటా గార్డ్, దాన్ని నడిపించే బ్రోకర్. సేల్స్ (ప్రైమరీ, అంటే అసలు డేటాబేస్) నుంచి సేల్స్‌డీఆర్‌కి (స్టాండ్‌బై) స్విచ్‌ఓవర్, అంటే రోల్స్ మార్పిడి, బాగానే అయ్యేది. తిరిగి వచ్చేటప్పుడు రోల్స్ మారేవి కానీ, డీఆర్ ఇన్‌స్టన్స్ (నడిచే డేటాబేస్) మాత్రం లేచేది కాదు, ఓఆర్ఏ-12514 వచ్చేది, అంటే అడిగిన సర్వీస్ లిజనర్‌కి (కనెక్షన్లు అందుకునే ప్రోగ్రామ్) తెలియదన్న ఎర్రర్. ప్రతిసారీ నేనే లాగిన్ అయి స్టార్టప్ మౌంట్ కమాండ్ ఇవ్వాల్సి వచ్చేది. అర్ధరాత్రి డ్రిల్‌లో ఎంత టెన్షనో!

లిజనర్‌లో స్టాటిక్ ఎంట్రీ (చేత్తో ముందే రాసిపెట్టేది) చూడమన్నవారి మాటే నిజమైంది. ఎంట్రీ ఉంది, కాకపోతే ప్రైమరీ సర్వర్ నుంచి కాపీ చేసింది నేనే. గ్లోబల్ డీబీనేమ్ దగ్గర 'సేల్స్_డీజీఎంజీఆర్‌ఎల్' అనే ఉండిపోయింది. అక్కడ ఉండాల్సింది ఆ డేటాబేస్ సొంత పేరు (డీబీ యూనిక్ నేమ్)తో మొదలయ్యేది, అంటే 'సేల్స్‌డీఆర్_డీజీఎంజీఆర్‌ఎల్'. ఆగిపోయిన ఇన్‌స్టన్స్ లిజనర్‌లో తనంతట తాను రిజిస్టర్ కాలేదు కదా, బ్రోకర్ దాన్ని లేపాలంటే ఈ పేరొక్కటే దారి. ఆ ఒక్క పదం మార్చి, లిజనర్ రీలోడ్ చేశాక రెండు వైపులా రెండేసిసార్లు తిప్పి చూశాను, చెయ్యి పెట్టాల్సిన పని రాలేదు.

ఫైర్‌వాల్, పాస్‌వర్డ్ ఫైల్, స్టాండ్‌బై రీడూ లాగ్స్‌కి దీనితో సంబంధం లేదు. పాస్‌వర్డ్ ఫైల్ కోసం ఒక రోజంతా పోగొట్టుకున్నాను.

ఇంకోటి, 19సీలో 'వాలిడేట్ స్టాటిక్ కనెక్ట్ ఐడెంటిఫయర్ ఫర్ ఆల్' అనే కమాండ్ ఉంది. డ్రిల్‌కి ముందే నడిపి ఉంటే అప్పుడే దొరికిపోయేది.