లా లెక్చరర్లు కాలేజీ బయట రాసేది, చెప్పేది లెక్కలోకి వస్తుందా?

లా_లెక్చరర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఒక లా కాలేజీలో కాన్‌స్టిట్యూషన్, క్రిమినల్ లా చెప్తాను. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ పోయి కొత్త చట్టాలు వచ్చినప్పుడు జనంలో ఉన్న అయోమయం చూసి తెలుగులో చిన్న చిన్న వ్యాసాలు రాయడం మొదలుపెట్టా, తర్వాత పిల్లలు అడిగితే వీడియోలు కూడా చేస్తున్నా. జీరో ఎఫ్ఐఆర్ అంటే ఏంటి, అరెస్ట్ చేసేటప్పుడు పోలీసులు ఏమేం చెప్పాలి, బెయిల్ ఎప్పుడు హక్కు ఎప్పుడు కాదు, ఇలాంటివి. చదివేవాళ్లు బాగానే ఉన్నారు.

ఇప్పుడు సమస్య ఏంటంటే మా డిపార్ట్‌మెంట్‌లో దీన్ని ఎవరూ పని అనుకోవట్లేదు. ఒకరేమో ఈ టైమ్‌లో రెండు పేపర్లు పబ్లిష్ చేసుకోవచ్చు కదా అంటారు, ఇంకొకరేమో జడ్జిమెంట్ల మీద పబ్లిక్‌గా మాట్లాడకు, కంటెంప్ట్ (కోర్టు ధిక్కారం) అవుతుంది, నువ్వు ప్రాక్టీస్ చేస్తున్నట్టు కూడా అవుతుంది అని భయపెడతారు. నాకు మాత్రం క్లాసులో అరవై మందికి చెప్పేది బయట ఊరికి చెప్తే తప్పేంటి అనిపిస్తుంది. ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు చెప్పండి, ఇది నిజంగా స్కాలర్‌షిప్ (అంటే విద్వత్తు పని, రీసెర్చ్ లాంటిది) కిందకి వస్తుందా, లేక నేను హాబీని పని అనుకుంటున్నానా? రిస్క్ ఎంత?

పాతపంతులు

అమ్మా (సార్ అయితే క్షమించాలి), నేను రిటైర్ అయిన లా టీచర్ని. ముందు ఒక విషయం చెప్తా, మన దేశంలో లా టీచర్లు క్లాసు బయట చేసిన పని వల్ల చట్టాలే మారాయి, అది హాబీ అని ఎవరన్నా అంటే వాళ్లు మన చరిత్ర చదవలేదన్నట్టే.

మథుర కేసు మీరు క్లాసులో చెప్తూనే ఉంటారు. మథుర అనే ఆదివాసీ అమ్మాయి మీద పోలీసులు అత్యాచారం చేశారన్న కేసు, 1972లో మహారాష్ట్రలో దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో జరిగింది. సెషన్స్ కోర్టు కానిస్టేబుళ్లని వదిలేసింది, బాంబే హైకోర్టు శిక్ష వేసింది, 1978లో సుప్రీం కోర్టు మళ్లీ వదిలేసింది, ఒంటి మీద గాయాలు లేవు, ప్రతిఘటించినట్టు ఆధారం లేదు అన్న లెక్కలో. మరుసటి ఏడాది 1979 సెప్టెంబర్‌లో నలుగురు లా టీచర్లు, ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్, చీఫ్ జస్టిస్‌కి ఓపెన్ లెటర్ రాశారు. ఆ లెటర్ మళ్లీ చదవండి, అందులో నినాదాలు తక్కువ, తీర్పు చదివే పద్ధతి ఎక్కువ. లొంగిపోవడం వేరు, సమ్మతి వేరు, స్టేషన్‌లో తలుపు వేసి ఉన్నప్పుడు ఆ పిల్ల ఏ పరిస్థితిలో ఉందో కోర్టు ఎందుకు చూడలేదు అని వాక్యం వాక్యం పట్టుకుని అడిగారు. రివ్యూ పిటిషన్ నిలవలేదు కానీ మహిళా సంఘాలు రోడ్ల మీదకి వచ్చాయి, లా కమిషన్ 84వ రిపోర్టు వచ్చింది, 1983లో క్రిమినల్ లా సవరణ వచ్చింది. కస్టడీలో జరిగిన రేప్ కేసుల్లో సంభోగం రుజువై, ఆవిడ సమ్మతి లేదని కోర్టులో చెప్తే సమ్మతి లేదనే కోర్టు అనుకోవాలని ఎవిడెన్స్ యాక్ట్‌లో 114ఏ అప్పుడే చేరింది, ఇప్పుడు దాని బదులు వచ్చిన సాక్ష్య అధినియంలో సెక్షన్ 120. దీన్నంతా ఆ నలుగురే చేశారని నేను అనను, ఆడవాళ్లు పోరాడకపోతే ఆ లెటర్ ఫైల్లోనే ఉండేది. కానీ తీర్పులో తప్పు ఎక్కడుందో చూపించే పని మాత్రం టీచర్లదే, అది ఇంకెవరూ అంత వివరంగా చేయలేదు.

ఆ తర్వాత 1981లో ఆగ్రా ప్రొటెక్టివ్ హోమ్‌లో ఆడవాళ్లని ఎలా ఉంచారో పేపర్లో వచ్చింది చూసి బక్షి, లోతికా సర్కార్ సుప్రీం కోర్టుకి ఉత్తరం రాస్తే దాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకున్నారు. ఆ కేసు ఏళ్ల తరబడి నడిచింది, జిల్లా జడ్జి చేత హోమ్‌ని చూపించి రిపోర్టులు తెప్పించుకున్నారు.

ఇంకొకాయన డి.సి. వాధ్వా, లా ప్రొఫెసర్ కూడా కాదు, పుణె గోఖలే ఇన్‌స్టిట్యూట్‌లో ఎకనామిక్స్ ఆయన. బీహార్ ప్రభుత్వం అసెంబ్లీకి పెట్టకుండా ఆర్డినెన్సులనే (గవర్నర్ ఇచ్చే తాత్కాలిక చట్టాలు) మళ్లీ మళ్లీ జారీ చేస్తోందని గెజిట్లు తిరగేసి లెక్క తీశాడు, 1967 నుంచి 1981 వరకు 256 ఆర్డినెన్సులు, కొన్నయితే పద్నాలుగేళ్ల దాకా బతికాయి. పుస్తకం రాశాడు, తనే పిటిషనర్‌గా సుప్రీం కోర్టుకి వెళ్లాడు. 1986లో అది రాజ్యాంగం మీద మోసం అని ఐదుగురు జడ్జీల బెంచ్ చెప్పింది, ఆయన చేసిన రీసెర్చ్‌కి గుర్తింపుగా పది వేల రూపాయలు ఖర్చుల కింద ఇప్పించింది. 2017లో ఏడుగురు జడ్జీలు కృష్ణకుమార్ సింగ్ కేసులో అదే మాట ఇంకా గట్టిగా చెప్పారు. ఇందులో రీసెర్చ్ ఎక్కడ ఆగింది, పబ్లిక్ పని ఎక్కడ మొదలైంది, మీరే చెప్పండి.

మన తెలుగులో చూసుకుంటే మాడభూషి శ్రీధర్ గారు హైదరాబాద్ లా యూనివర్సిటీ నల్సార్‌లో ప్రొఫెసర్‌గా ఉంటూనే తెలుగు పత్రికల్లో చట్టం గురించి రాస్తూ వచ్చారు, 2013 నుంచి 2018 దాకా సెంట్రల్ ఇన్ఫర్మేషన్ కమిషనర్‌గా చేశారు. రాయండి. ఆపొద్దు.

కోర్టు_హాల్_4

అడ్వొకేట్‌ని. రిస్క్ గురించి అడిగారు కాబట్టి దాని వరకే చెప్తా, మిగతాది పంతులుగారు బాగా చెప్పారు.

ప్రాక్టీస్ విషయం: బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్ 49 ప్రకారం అడ్వొకేట్ ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగం చేయకూడదు, అంటే మీరు రెగ్యులర్ లెక్చరర్ అయితే సనద్ (ప్రాక్టీస్ లైసెన్సు) సస్పెండ్ చేయించుకునే ఉంటారు. (అడ్వొకేట్‌గా ఉంటూ రోజుకి మూడు గంటలు మించకుండా లా చెప్పుకోవచ్చని 1979 రూల్స్ ఉన్నాయి, అది పార్ట్‌టైమ్ వాళ్లకి.) కాబట్టి మీరు వేరేవాళ్ల తరఫున వకాలత్ వేయలేరు, వాదించలేరు. చట్టం అంటే ఇదీ అని జనానికి చెప్పడం ప్రాక్టీస్ కాదు. కానీ వీడియో చూసి ఫోన్ చేసినవాళ్లకి డబ్బులు తీసుకుని నోటీసులు రాసివ్వడం, ఒపీనియన్లు ఇవ్వడం మొదలుపెడితే అప్పుడు కథ వేరు, 2018లో ఏ.కె. బాలాజీ కేసులో సుప్రీం కోర్టు ప్రాక్టీస్ అంటే కోర్టులో వాదించడం ఒక్కటే కాదు, బయట చేసే లీగల్ పని కూడా అని చెప్పింది. అడ్వొకేట్స్ యాక్ట్ సెక్షన్ 45లో ఆరు నెలల దాకా జైలు ఉంది. మీరే పిటిషనర్‌గా పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేయాలనుకుంటే మాత్రం అది పౌరుడిగా మీ హక్కు, కాలేజీ సర్వీస్ రూల్స్ ఒకసారి చూసుకోండి అంతే.

కంటెంప్ట్ విషయం: 1971 యాక్ట్ సెక్షన్ 5 చదవండి, తేలిపోయిన కేసు మెరిట్స్ మీద న్యాయమైన విమర్శ కంటెంప్ట్ కాదు. తీర్పు తప్పు అనొచ్చు, ఎందుకు తప్పో చెప్పొచ్చు, జడ్జి ఎవరికో అమ్ముడుపోయాడు అంటే మాత్రం మీరే ఇరుక్కుంటారు. ఇంకా నడుస్తున్న కేసు గురించి జాగ్రత్త.

అసలు భయపడాల్సింది వేరే ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. రేప్ కేసుల్లో బాధితురాలి పేరు, ఆనవాళ్లు బయటపెడితే బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 72 కింద నేరం, పిల్లల విషయంలో పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 23, జువెనైల్ జస్టిస్ యాక్ట్ సెక్షన్ 74 కూడా ఉన్నాయి. పేరు చెప్పకపోయినా ఊరు, స్కూలు, తండ్రి ఉద్యోగం చెప్తే చాలు అందరికీ తెలిసిపోతుంది. క్లాసులో ఉదాహరణ చెప్పే అలవాటులో వీడియోలో కూడా లోకల్ కేసు వివరాలు చెప్పేస్తారు లెక్చరర్లు, దయచేసి ఆ పని చేయకండి.

పీర్_రివ్యూ

కొంచెం వేరే మాట చెప్తా, కోపం తెచ్చుకోకండి. నేనూ అసిస్టెంట్ ప్రొఫెసర్నే.

పంతులుగారు చెప్పిన పేర్లన్నీ గొప్పవే, కానీ వాళ్ల ఓపెన్ లెటర్ వెనక ఏళ్ల తరబడి చేసిన పని ఉంది. వాధ్వా గారు గెజిట్లు తిరగేసిన తర్వాతే మాట్లాడారు. ఇప్పుడు జరుగుతోంది అది కాదు, పొద్దున తీర్పు వస్తే సాయంత్రం టీవీలో డిబేట్, నాలుగు వందల పేజీల జడ్జిమెంట్ హెడ్‌లైన్ చూసి అభిప్రాయం, కాంట్రాక్ట్స్ చెప్పే ఆయన ఫెడరలిజం మీద మాట్లాడతాడు, టాక్స్ చెప్పే ఆవిడ పర్సనల్ లా మీద. పక్కన ప్రొఫెసర్ అని పేరు పడుతుంది కాబట్టి జనం నమ్ముతారు. ఇది చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే మనం తప్పు చెప్తే జనానికి సరిదిద్దుకునే దారి లేదు, క్లాసులో అయితే రేపు వచ్చి నిన్న చెప్పింది కాదు అని చెప్పుకోవచ్చు.

జర్నల్‌కి పంపితే కనీసం ఎవరో ఒకరు చదివి ఇక్కడ తప్పుంది అంటారు. పేపర్ వ్యాసానికి ఆ చెక్ లేదు. అందుకే దాన్ని స్కాలర్‌షిప్ అనడానికి నాకు మనసొప్పదు, మంచి పని అంటా, అవసరమైన పని అంటా. ఇంకో ప్రాక్టికల్ మాట, యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం యూనివర్సిటీలో అసోసియేట్ ప్రొఫెసర్ అవ్వాలంటే పీహెచ్‌డీ, పబ్లికేషన్లు చూస్తారు, తెలుగు పేపర్లో మీ వ్యాసాలు ఎంత మంది చదివారు అని సెలెక్షన్ కమిటీ అడగదు. అది న్యాయమా అంటే కాదు, కానీ మీ పీహెచ్‌డీ ఇంకా అవ్వకపోతే ముందు అది చూసుకోండి.

పాతపంతులు

పీర్_రివ్యూ గారూ, టీవీ డిబేట్ల మీద మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. కానీ మీరు చెప్పిన తేడా జాగ్రత్తకీ అజాగ్రత్తకీ ఉన్న తేడా, జర్నల్‌కీ పేపర్‌కీ ఉన్నది కాదు. జర్నల్లో అచ్చయిన చెత్త కూడా నేను చాలా చదివాను, దాన్ని మాత్రం స్కాలర్‌షిప్ అని లెక్కేస్తాం. తెలుగు వ్యాసం రాసేటప్పుడు కూడా తీర్పు మొత్తం చదివి, మైనారిటీ ఒపీనియన్ (విభేదించిన జడ్జి రాసింది) చూసి, తోటి టీచర్ ఒకరికి ముందే చూపించి పంపితే అది పీర్ రివ్యూ కాక ఇంకేంటి?

గ్రామ_వాలంటీర్

నేను టీచర్ని కాదు, లా చదివా, చదివేటప్పుడు పారాలీగల్ వాలంటీర్‌గా (జనానికి న్యాయ సాయం అందేలా చూసే వాలంటీర్) చేశా, ఇప్పటికీ చేస్తున్నా. మీరంతా రాసేదాని గురించే మాట్లాడుతున్నారు, ఊళ్లోకి వెళ్లే పని గురించి ఎవరూ ఎత్తలేదు.

బార్ కౌన్సిల్ 2008 లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ ప్రకారం ప్రతి లా కాలేజీలో లీగల్ ఎయిడ్ సెంటర్ ఉండాలి. చాలా చోట్ల ఏం జరుగుతుందంటే ఇన్‌స్పెక్షన్ కోసం రిజిస్టర్ ఉంటుంది, ఏడాదికి ఒక క్యాంపు, బ్యానర్, ఫోటో, అయిపోయింది. మాకు అదృష్టం కొద్దీ ఒక మేడమ్ ఉండేవారు, ఆవిడ మమ్మల్ని ఉపన్యాసం ఇవ్వనిచ్చేవారు కాదు, ముందు కూర్చుని వినండి అనేవారు. మేం ఆర్టికల్ 21 (జీవించే హక్కు) గురించి చెప్దామని పోతే అక్కడ అందరూ అడిగేది పట్టాదారు పాస్‌బుక్‌లో తప్పు పడింది ఎవరి దగ్గరికి పోవాలి, కంప్లైంట్ ఇస్తే ఎఫ్ఐఆర్ కాపీ ఇవ్వట్లేదు ఏం చేయాలి, భర్త వదిలేసి పోయాడు మెయింటెనెన్స్ కోసం లాయర్ ఫీజు ఎక్కడ తేవాలి, ఇవే. ఎఫ్ఐఆర్ కాపీ కంప్లైంట్ ఇచ్చినవాళ్లకి ఉచితంగా ఇవ్వాల్సిందే అని (సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 173), ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయర్ దొరుకుతాడని (లీగల్ సర్వీసెస్ అథారిటీస్ యాక్ట్ సెక్షన్ 12) చెప్తే వాళ్లు నిజమా అని రెండుసార్లు అడిగేవాళ్లు. ఈ యాక్ట్ 1987 నాటిది, 1995 నుంచి అమల్లో ఉంది, ఇన్నేళ్ల తర్వాత కూడా నిజమా అని అడుగుతున్నారంటే ఎవరో తమ పని చేయలేదన్నట్టే కదా.

ఆ మేడమ్ ఊళ్లో విన్న ప్రశ్నలన్నీ రాసుకుని వచ్చి మళ్లీ క్లాసులో పెట్టేవారు, సెక్షన్ ఇలా ఉంది, ఊళ్లో ఇలా జరుగుతోంది, మధ్యలో ఎక్కడ తెగింది అని. తర్వాత అదే ఆవిడ రీసెర్చ్ పేపర్ అయింది. కాబట్టి ఏది ముందు ఏది వెనక అని గొడవపడక్కర్లేదు.

లా_లెక్చరర్

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. (పాతపంతులు గారూ, అమ్మానే, కరెక్టే.) సెక్షన్ 72 విషయం వెంటనే నోట్ చేసుకున్నా.

రెండు సందేహాలు ఇంకా. ఒకటి భాష. సుప్రీం కోర్టు 2019 నుంచి కొన్ని తీర్పులకి తెలుగు అనువాదాలు పెడుతోంది, నేను చదివి చూశా, నాకే రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు, మామూలు మనిషికి ఎలా అర్థమవుతుంది? నేను రాసేటప్పుడు బెయిల్‌ని బెయిల్ అనే రాస్తున్నా, కొందరు తెలుగు లేదంటున్నారు. రెండోది, వీడియో కింద జనం తమ సొంత కేసు మొత్తం రాసేసి ఏం చేయాలి మేడమ్ అని అడుగుతారు, కొన్ని చదివితే నిద్ర పట్టదు. జవాబు ఇవ్వకపోతే ఎలా?

గ్రామ_వాలంటీర్

బెయిల్, స్టే, వాయిదా, వకాలత్, ఇవి కోర్టు గేటు దగ్గర అందరూ వాడే మాటలు, అవే రాయండి మేడమ్. ఎవరూ వాడని మాట పెడితే వాళ్లు రేపు కోర్టుకి వెళ్లినప్పుడు గుమాస్తా చెప్పేది వీళ్లకి తెలియదు.

కోర్టు_హాల్_4

రెండో దానికి నా జవాబు. కేసు వివరాలు కామెంట్‌లో రాసినవాళ్లకి అక్కడ సలహా ఇవ్వొద్దు, కాగితాలు చూడకుండా ఇచ్చే సలహా తప్పే అవుతుంది, పైగా లిమిటేషన్ (కేసు వేసే గడువు) దాటిపోతే ఆ మనిషి నష్టపోతాడు. పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటే ఆ కామెంట్ తీసేయండి, అది అవతలి పార్టీ లాయర్ కూడా చదువుతాడు. అలాగని ఊరుకోనూ వద్దు, ప్రతి వీడియో కింద మీ జిల్లా కోర్టులో ఉండే లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసు, ఉచిత హెల్ప్‌లైన్ 15100 నంబర్ పెట్టండి, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో ఒక లైన్ రాయండి. మనిషి కస్టడీలో ఉన్నాడు, ఆడమనిషిని ఇంట్లోంచి గెంటేశారు, ఇలా ఆలస్యం చేయలేనివి వస్తే మాత్రం మీకు తెలిసిన ప్యానెల్ లాయర్ (లీగల్ సర్వీసెస్ అథారిటీ జాబితాలో ఉన్న లాయర్) ఎవరికైనా ఆ రోజే కలపండి. ఇద్దరు ముగ్గురు అలాంటివాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకుంటే మంచిది.