పైలట్ శిక్షణకు డబ్బు కట్టే ముందు ఏం చూసుకోవాలి?

చంద్రగిరి రైతు:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి తిరుపతిలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. రేణిగుంటకు వచ్చే విమానాలను చిన్నప్పటి నుంచి మిద్దె మీద నిలబడి చూసిన పిల్ల, ఇప్పుడు పైలట్ శిక్షణ తప్ప మరో మాట ఎత్తడం లేదు. ఈ నెలాఖరులోగా అయిదు లక్షలు కడితే సీటు ఖాయం చేయిస్తానని ఒక ఏజెంటు వెంటపడుతున్నాడు. ఎకరంన్నర తోతాపురి తోట అమ్మితే తప్ప ఆ చదువు మా వల్ల అయ్యేది కాదు. దేని తరువాత ఏది చేయాలో, అమ్మాయికి ఉన్న కళ్లజోడు అడ్డం వస్తుందో లేదో తెలిసినవారు దయచేసి చెప్పండి.

చిత్తూరు కో-పైలట్:
నమస్కారమండి. ఆ అయిదు లక్షలు ప్రస్తుతానికి ఆపండి. సీటు కన్నా ముందు వైద్య పరీక్ష సంగతి తేలాలి. పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ గుర్తించిన వైద్యుడి వద్ద ప్రాథమిక వైద్య పరీక్ష అయిన క్లాస్ 2 చేయించి, ఆ ఫైలు నంబరు రాగానే కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కావలసిన క్లాస్ 1 కూడా పూర్తి చేయించండి. క్లాస్ 1 అవసరపడేది లైసెన్సు సమయంలోనే కదా అని చాలామంది దానిని వెనక్కి నెడతారు గానీ, అరకోటి ఖర్చయ్యాక చెవిలోనో గుండెలోనో లోపం బయటపడితే ఆ డబ్బు తిరిగి రాదు. కళ్లజోడుతో చూపు సరిగా ఉంటే ఇబ్బంది లేదు. రంగుల గుర్తింపులో మాత్రం గట్టిగా ఉంటారు: చుక్కల మధ్య దాగిన అంకెలున్న పుస్తకం ముందు పెట్టి, పేజీ తిప్పగానే అంకె చెప్పమంటారు.

లైసెన్సుకు డీజీసీఏ రాతపరీక్షలు ఉంటాయి: నావిగేషన్ (దారి లెక్కలు), మెటియరాలజీ (వాతావరణం), రెగ్యులేషన్స్ (నిబంధనలు), రెండు టెక్నికల్ పేపర్లు, అన్నింటిలోనూ 70 శాతం రావాలి. విమానం రేడియోలో మాట్లాడటానికి ఆర్‌టీఆర్ అనే లైసెన్సు వేరే. మొత్తం 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా. 300 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 555 కిలోమీటర్లు, రెండు వేర్వేరు విమానాశ్రయాలలో దిగి ఆగుతూ తానే నడిపి రావలసిన ప్రయాణం కూడా ఇందులోనే ఉంటుంది. అంతదాకా పోవడానికి ముందు, నా మొదటి వారమంతా తెల్లవారుజామున సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానం రెక్క కింద వంగి, చిన్న కప్పులోకి పెట్రోలు పట్టి వెలుతురుకు ఎత్తి చూడటంతోనే సరిపోయింది. ఆ పెట్రోలు లేత నీలంగా ఉంటుంది. నీరు కలిస్తే రంగులేని బొట్టుగా అడుగున చేరుతుంది.

పలమనేరు వాసి:
వారు చెప్పినదంతా నిజం. కాలం గురించి మాత్రం నేను చెప్పాలి. మా తమ్ముడికి ఏడాదిన్నర అని చెప్పిన చోట మూడేళ్లు పట్టింది. నలభై మంది విద్యార్థులకు ఎగరగలిగిన విమానాలు మూడు. వానాకాలంలో వారాల తరబడి హాస్టల్లో ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. పైగా, కమాండ్ గంటలలో కనీసం 15 గంటలు లైసెన్సు దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లో ఎగిరినవై ఉండాలన్న నిబంధన ఉండటంతో, ఆలస్యం శిక్షణ సంస్థదైనా మళ్లీ ఎగిరేందుకు డబ్బు మేమే కట్టుకున్నాము. కనుక మీరే చేరాలనుకున్న శిక్షణ సంస్థకు వెళ్లి రెండు రోజులు అక్కడ ఉండి, ఎన్ని విమానాలు నిజంగా లేస్తున్నాయో కళ్లారా చూసి, సీనియర్ల లాగ్‌బుక్కులు (ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకాలు) అడిగి చూడండి. చూపించడానికి వెనకాడితే అక్కడి నుంచి వచ్చేయండి. లైసెన్సు వచ్చాక కూడా ఎ320 లేదా బోయింగ్ 737 వంటి విమానానికి టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడిపే ప్రత్యేక శిక్షణ, చేయాలి, దానికి మళ్లీ లక్షలు కావాలి. తోట డబ్బంతా మొదటి విడతకే పెట్టేయకండి. రాయ్‌బరేలీ వైపు ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ప్రభుత్వ పైలట్ శిక్షణ సంస్థ ఇగ్రువా ప్రవేశ పరీక్ష కూడా రాయించండి.

చంద్రగిరి రైతు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. తోట బేరం ఆపేశాను. ముందు క్లాస్ 2 చేయిస్తాను. ఈలోగా అమ్మాయి ఇంట్లోనే చదవగలిగిన పేపర్లు ఏవైనా ఉన్నాయా?

చిత్తూరు కో-పైలట్:
ఇంటర్ పరీక్షలు అయ్యాక రెగ్యులేషన్స్, మెటియరాలజీ మొదలుపెట్టమనండి. డీజీసీఏ పరీక్షలకు కంప్యూటర్ నంబరు, అంటే అభ్యర్థికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, కావాలి, దానికి ఇంటర్ మార్కుల ధ్రువీకరణ అవసరం కాబట్టి, మెమో చేతికి రాగానే ఆ పని చూడండి.