మ్యాంగో ట్రీయా, ఫర్బిడన్ ట్రీయా?

కోచింగ్ మాస్టారు: జీఆర్ఈ రాసే పిల్లలకి వొకాబ్యులరీ చెప్తున్నాను. లిస్టు గడగడా అప్పజెప్తారు, ఆ మాట వాక్యంలో పెట్టమంటే బిక్కమొహం వేస్తారు. వాళ్ళకి ‘కన్యాశుల్కం’లో గిరీశం, వెంకటేశం ఇంగ్లీషు మాట్లాడుకునే సీను చదివి వినిపిద్దామనుకున్నా. ‘ఆఫ్ మ్యాన్స్ ఫస్ట్ డిసొబీడియెన్స్ అండ్ ది ఫ్రూట్ ఆఫ్ దట్…’ దగ్గర ఆగిపోయాను. తర్వాత మ్యాంగో ట్రీయా, ఫర్బిడన్ ట్రీయా? పుస్తకం ఊళ్ళో ఉండిపోయింది. పనిలో పని, లిస్టులు బట్టీ పట్టించకుండా పదాలు నేర్పే దారి ఏదైనా ఉంటే చెప్పండి.

అగ్రహారం అల్లుడు: మ్యాంగోనే. ఫర్బిడన్ మిల్టన్ ‘ప్యారడైజ్ లాస్ట్’లోది. గిరీశానికి అంత గుర్తెక్కడిది, నోటికొచ్చిన చెట్టు పెట్టేశాడు.

విజీనగరం: గుర్తు లేకనా! వెంటనే ఏమంటాడు? ‘సింగ్, వెంకటేశా, మై వెరీ గుడ్ బాయ్’. మిల్టన్ ‘సింగ్, హెవెన్లీ మ్యూజ్’ అనేది ఆరో పాదంలో. ఆరో పాదం ఎరిగినవాడికి రెండో పాదంలో చెట్టు తెలీదా? కావాలనే మార్చాడు.

గణవిభజన: కావాలని మార్చినవాడు లెక్క చూసుకోడా? ఫర్బిడన్‌కి మూడు సిలబుల్స్, మ్యాంగోకి రెండే. పాదం కుంటింది. టామరిండ్ అంటే సరిపోయేది కదా.

విజీనగరం: లెక్క కుదిరినా ఊనిక (స్ట్రెస్) చెడుతుంది మాస్టారూ. ఫర్బిడన్‌లో ఊనిక రెండో సిలబుల్ మీద, టామరిండ్‌లో మొదటిదాని మీద. బనానా అంటే రెండూ కుదిరేవి.

అగ్రహారం అల్లుడు: అరటిని చెట్టంటే మా తాతగారు ఒప్పుకోరు.

గణవిభజన: గురజాడకి ఈ లెక్కలన్నీ కొట్టినపిండి. 1883లోనే ‘సారంగధర’ని ఇంగ్లీషు పద్యాల్లో రాశాడు. కలకత్తా ‘రీస్ అండ్ రయ్యత్’ సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ మెచ్చుకుని, తెలుగులో రాయమన్నాడు. తర్వాత ఆయన ఛందస్సు ముత్యాలసరం, దాని 3+4, 3+4 మాత్రల నడక మనకి దక్కాయంటే ఆ మాట చలవ కూడా కొంత ఉంది. అలాంటివాడు ఒక సిలబుల్ జారవిడిచాడంటే, గిరీశం పొట్టలో ఎంత ఇంగ్లీషు ఉందో కొలిచి చూపించాడనే అర్థం.

కొత్త పంతులమ్మ: మాస్టారి రెండో ప్రశ్న గాలికి పోతోంది. జీఆర్ఈలో 2011 ఆగస్టు నుంచి యాంటొనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీలు (పదాల జంటల పోలికలు) లేవు. ఇప్పుడు వాక్యంలో ఖాళీలు నింపాలి. ఒట్టి అర్థం తెలిస్తే చాలదు, ఆ మాట పక్కన ఏ మాట నిలుస్తుందో తెలియాలి. నేను డిసొబీడియెన్స్ చెప్తే ఒబే, ఒబీడియెంట్, ఒబీసెన్స్ అన్నీ కలిపి చెప్తాను, ఒక్కోదానితో వాళ్ళచేతే రెండు వాక్యాలు రాయిస్తాను. ఆ సీనులోనే వెంకటేశం ‘ఎఫ్, ఎఫ్ఈలతో ముగిసే నౌన్లు వెస్‌గా మారతాయి’ అని అప్పజెప్తాడు చూడండి, అది సగం రూలే. రూఫ్, చీఫ్, బిలీఫ్ మారవు. పిల్లల్నే మినహాయింపులు వెతకమనండి, ఆ గంట ఇట్టే గడిచిపోతుంది.

విజీనగరం: పంతులమ్మగారూ, బాగుంది. కానీ వెంకటేశం చదువు అంతే అని చూపించడానికే కదా ఆ రూలు పెట్టింది! గిరీశం అలా కాదు, వాడికి మిల్టన్ వచ్చు.

అగ్రహారం అల్లుడు: మిల్టన్ వచ్చినవాడు ‘ట్వింకిల్ ట్వింకిల్’తో మొదలెడతాడా?

కోచింగ్ మాస్టారు: మ్యాంగో ఖాయం చేసుకుంటున్నా. ఒబే జట్టు రేపే క్లాసులో పెడతాను, థాంక్స్ అమ్మా.

గణవిభజన: ఖాయం అప్పుడే ఎక్కడండీ! మనమంతా చదివేది 1909 నాటి పెంచి రాసిన నాటకం. 1897 నాటి మొదటి అచ్చుప్రతి ఎవరి దగ్గరైనా ఉందా? ఈ సీను అందులో ఉందో లేదో, ఉంటే ఏ చెట్టో చూడాలి.